నాలుగు మీటర్ల లెక్క ఇంట్లో పనిచేయలేదు

పోయిన జూన్‌లో మా పెరట్లో మామిడి చెట్టు కింద నవారు మంచం వేసుకుని మూడు మధ్యాహ్నాలు వెల్లకిలా పడుకున్నాను. నిద్ర కోసం కాదు. ఛాతీ మీద నోటుబుక్కు పెట్టుకుని, ఏ కొమ్మ ఎక్కడ పుట్టి ఎటు పోయిందో బొమ్మ గీసుకుంటూ ఉన్నాను. రెండోరోజు మా ఆవిడ కాఫీ గ్లాసు మంచం పక్కన పెట్టి వెళ్తూ, "రిటైరయ్యాక కొందరికి భక్తి ముదురుతుంది, ఈయనకి చెట్టు పట్టుకుంది" అంది, ఫోనులో వాళ్ళ అక్కయ్యతో.

చెట్లు కొట్టించడం నాకు కొత్త కాదు. ముప్పై నాలుగేళ్ళు రైల్వేలో, విజయవాడ డివిజన్‌లో, పట్టాల పైన వేలాడే కరెంటు తీగల విభాగంలో పనిచేశాను. ఆ తీగలో 25,000 వోల్టులు ఉంటాయి. దానికి నాలుగు మీటర్ల లోపు ఆకు కూడా కనబడకూడదు. పవర్ బ్లాక్ తీసుకోవడం, అంటే ఇచ్చిన టైము వరకు తీగలో కరెంటు ఆపించడం, తీగకి ఎర్త్ వేయడం, గ్యాంగుని చెట్టెక్కించడం, ఇచ్చిన టైములోపు కొమ్మలు నేలకి దించి లైన్ అప్పగించడం. కృష్ణా కెనాల్ నుంచి తెనాలి దాకా నేను కొట్టించిన వేపలు, తుమ్మలు, సుబాబుళ్ళకి లెక్కలేదు. కొట్టాక ఆ చెట్టు ఏమైందని ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు. అసలు నేను చూసింది చెట్టుని కాదు, తీగని. తీగకి దూరంగా పోతే చాలు, చెట్టు ఎలా నిలబడితే నాకేం?

ఆ చేత్తోనే 2021 నవంబర్‌లో మా ఇంటి చెట్టు మీద పడ్డాను.

మా ఇల్లు సత్యనారాయణపురంలో. ఇప్పుడు బీఆర్టీఎస్ రోడ్డు ఉన్నచోట ఒకప్పుడు రైలు పట్టాలు ఉండేవి. మేం పిల్లలప్పుడు రైలు చప్పుడుతోనే టైము చెప్పేవాళ్ళం. నేను ఆరో తరగతిలో చేరిన ఏడు మా అమ్మ వాళ్ళ పుట్టింటి నుంచి, అంటే ఆగిరిపల్లి దగ్గర ఊరు నుంచి, రసాల బుట్ట వచ్చింది. చీకి పారేసిన టెంకల్లో ఒకటి నూతి పక్కన మొలిచింది. అమ్మ దాన్ని పెకలించి పెరట్లో నాటింది. టెంక మొక్క కాబట్టి కాపుకి రావడానికి తొమ్మిదేళ్ళు పట్టింది. కాయ అచ్చం తల్లి కాయలా ఉండదు. పీచు కొంచెం ఎక్కువ, చివర కాస్త మొన, తీపిలో ఏదో పులుపు తగులుతూ ఉంటుంది. అమ్మ మాత్రం అది చిన్న రసమే అంటుంది. టెంక నాటితే జాతి మారిపోతుంది, అందుకే అంట్లు కడతారు అని నేనొకసారి చెప్పబోయాను. "నువ్వు మీ నాన్న పోలికే వచ్చావా?" అంది. ఆ చర్చ అక్కడితో ముగిసింది.

నవంబర్ సంగతి. మా వెనక పాత పెంకుటిల్లు పడగొట్టి అపార్ట్‌మెంటు కట్టారు. మా చెట్టు కొమ్మ ఒకటి వాళ్ళ పార్కింగ్ మీదికి పోయింది. కార్ల మీద ఆకులు, జిగురు. వాళ్ళ వాచ్‌మన్ రెండుసార్లు వచ్చి మర్యాదగానే చెప్పాడు. నేను ఒక ఆదివారం దారిన పోతున్న కట్టెలవాణ్ణి పిలిచి, గోడ చూపించి, "ఇటు నుంచి అటుది ఏదీ ఉండకూడదు" అన్నాను. నాలుగు మీటర్ల భాష. అతను గొడ్డలితో పైనుంచి నాలుగు వేట్లు వేశాడు. కొమ్మ సగం తెగి బరువుకి ఒరిగిపోయి, అరటి పండు తొక్క ఒలిచినట్టు మొద్దు బెరడుని మూరెడు పొడవున చీల్చుకుంటూ కిందికి దిగింది. లోపల తెల్లటి చెక్క బయటపడింది. అతనికి తప్పేం కనబడలేదు, నాకూ కనబడలేదు. డబ్బులిచ్చి పంపేశాను.

ఏడాది తిరిగేసరికి ఆ పుండు అంచున రంపపు పొట్టులాంటిది రాలడం మొదలైంది. పుల్లతో గుచ్చితే వేలు పట్టేంత బొక్క. కాండం తొలిచే పురుగు. పైగా ఆ పక్క చెట్టు నవంబర్లో కొట్టానన్న కోపంతో చిగుర్లే వేసింది గాని, ఆ ఏడు ఒక్క పూత రెమ్మ కూడా వేయలేదు. మామిడికి పూత కొమ్మ చివర్లోనే వస్తుంది, అది కూడా ముదిరిన కొమ్మ చివర్లోనే. డిసెంబర్, జనవరిలో పూయాల్సిన చివర్లని నవంబర్లో నరికి, పూత రాలేదేమిటి అనుకోవడం నా తెలివి.

మా అమ్మాయి అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలో ఉంటుంది. అక్కడ ఆపిల్ తోటలు ఎక్కువ. వాళ్ళు కొనుక్కున్న ఇంటి వెనక కూడా ఒక ముసలి ఆపిల్ చెట్టు ఉంది. పాత వాళ్ళు ఏళ్ళ తరబడి ముట్టుకోలేదట. మొన్న ఫిబ్రవరిలో వీడియో కాల్‌లో చూపించింది. చుట్టూ మంచు, చెట్టుకి ఒక్క ఆకు లేదు, అల్లుడు కోటు వేసుకుని నిచ్చెన మీద ఉన్నాడు. ఆకు లేకపోతే చెట్టు అస్థిపంజరంలా ఎంత స్పష్టంగా కనబడుతుందో అప్పుడే చూశాను. ఏ కొమ్మ ఏ కొమ్మని రాసుకుంటోంది, ఏది ఎండింది, ఏది నిట్టనిలువుగా కర్రలా లేచింది, అన్నీ అరచేతిలో గీతల్లా ఉన్నాయి.

"నాన్నా, మన చెట్టు కూడా ఇలాగే అడవిలా ఉంది కదా, ఇప్పుడే కట్ చేయించెయ్. చలికాలంలోనే చేయాలిట" అంది.

కెమెరా తిప్పి మన చెట్టు చూపించాను. చెట్టు నిండా శనగగింజంత పిందెలు.

అప్పుడు కూర్చుని ఇద్దరం లెక్కలేసుకున్నాం. వాళ్ళ ఆపిల్‌కి పూత కొమ్మల మీద ఉండే పొట్టి గిడస కణుపుల్లో వస్తుంది. అవే కణుపులు ఏళ్ళ తరబడి పూస్తూ ఉంటాయి. ఆకు రాల్చి నిద్రపోతున్నప్పుడు కొమ్మలు తీసేస్తే, వసంతంలో లేచి మిగిలిన వాటి మీద పని చేసుకుంటుంది. మన మామిడి నిద్రపోదు, ఆకంతా ఒకేసారి రాల్చదు. దానికి వీలున్న టైము కాయ దిగిన తర్వాత, చిగురు వేయక ముందు. జూన్, జూలై. అప్పుడు కోస్తే ఆగస్టులో వచ్చిన చిగురు డిసెంబర్‌కి కొంతైనా ముదురుతుంది. కొమ్మ చివర పూసే చెట్టుకి చివర్లన్నీ ఒకేసారి తీసేస్తే రెండు మూడేళ్ళు కాయ తినడం మర్చిపోవాల్సిందే. అందుకని మూడేళ్ళ పనిగా పంచుకోవడం మేలు. తన చెట్టు సంగతి కూడా అంతేనట. ఒక్క చలికాలంలో మొత్తం పొట్టి చేసేస్తే మరుసటేడు చెట్టు నిండా నిలువు కర్రలే లేస్తాయని ఎవరో చెప్పారట. చెట్లు వేరు గాని, తొందరపడితే రెండూ ఒకేలా కసి తీర్చుకుంటాయన్నమాట.

(మధ్యలో ఒక మాట. మా ఆయనకి ఆపిల్ పిచ్చి కూడా ఉంది అని మా ఆవిడ ఊరంతా చెప్తుంది. ఒకటే మొక్క, ఒకేసారి తెచ్చాను. హిమాచల్‌లో హరిమాన్ శర్మ అనే రైతు వేడి తట్టుకునే ఆపిల్ రకం తయారుచేశాడు, హెచ్ఆర్ఎంఎన్-99 అని. ఆయనకి 2025లో పద్మశ్రీ కూడా వచ్చింది. ఆ రకమేనని చెప్తే ఆశపడి కొన్నాను. అది ఏ రకమో గాని విజయవాడ మే నెలని మాత్రం దాటలేదు.)

ఇప్పుడు నవారు మంచం దగ్గరికి వస్తాను. మామిడి ఎప్పుడూ ముసుగులోనే ఉంటుంది కాబట్టి, దాని అస్థిపంజరం చూడాలంటే కిందపడుకుని పైకి చూడటమే దారి. పడుకుని చూస్తే మా చెట్టు ఒక పెద్ద గొడుగు. ఆకంతా బయట బట్టలా పరుచుకుని ఉంది, లోపల ఊచలే. వెలుగు లేక లోపలి రెమ్మలు ఎండిపోయి, ముట్టుకుంటే టపటపా విరుగుతున్నాయి. తేనెమంచు పురుగు, దాని జిగురు మీద మసి. ఆకుల పైభాగం పొయ్యి మీద గిన్నె అడుగులా నల్లగా ఉంది. వాచ్‌మన్ చెప్పిన జిగురు ఇదే. కాయలన్నీ మూడో అంతస్తు ఎత్తున, అంచుల్లో. దోటికి చిక్కం కట్టి, మేడ మీద నిలబడి అందుకున్నా ఆ ఏడు నలభై కాయలు మించలేదు. మిగతావి గబ్బిలాలకి, ఆ తర్వాత అపార్ట్‌మెంటు కార్లకి.

బొమ్మలో పెద్ద కొమ్మలు ఎనిమిది తేలాయి. వాటికి నంబర్లు వేశాను. రైలు పట్టా పక్కన కరెంటు స్తంభాలకి కిలోమీటరు, దాని వరస కలిపి నంబరు ఉంటుంది. ఆ అలవాటు పోలేదు. మొదటి ఏడు పని చేయాల్సినవి 1/1, 1/2, 1/3. రెండో ఏడువి 2/1, 2/2, 2/3. మూడో ఏడు 3/1, 3/2. మిగిలిపోయిన ఎర్ర పెయింటుతో కొమ్మల మీద రాశాను. అన్నిటినీ మొదలంటా తీసేయడం కాదు. అలా తీసేది నడిమి కొమ్మ 1/1 ఒకటి, 2/3 ఒకటి. మిగతావాటిని కిందగా ఉన్న ఒక మంచి పక్కకొమ్మ దాకా కోసి పొట్టి చేయడమే.

2/3 దగ్గరే గొడవ. అది నేలకి సమాంతరంగా, మనిషి ఎత్తున పోయిన కొమ్మ. 2021లో చీలిన పుండు సరిగ్గా దాని మొదట్లో ఉంది. పురుగు పడింది అందులోనే. తడితే డొల్ల చప్పుడు. ఎవరి నెత్తి మీదైనా పడకముందే తీసేయాలి. కానీ అది ఉయ్యాల కొమ్మ. నా చెల్లెళ్ళు, మా అమ్మాయి, దాని మేనత్త పిల్లలు అందరూ ఊగింది దాని మీదే. మోకు ఒరుసుకుని కొమ్మ మీద రెండు చోట్ల గాడి పడింది. అమ్మ ఎనభై నాలుగేళ్ళ మనిషి. వరండాలో కుర్చీలో కూర్చుని ఎర్ర అక్షరాలు చదివింది.

"ఉయ్యాల కొమ్మకి ఎందుకురా నంబరు?"

"వచ్చే ఏడు సంగతమ్మా అది."

"వచ్చే ఏడు నేనుంటే కదా" అంది. ఆ మాట ఆవిడ పదేళ్ళుగా ప్రతి పండక్కీ అంటూనే ఉంది. అయినా దానికి జవాబు మాత్రం ఇంతవరకు దొరకలేదు.

జూన్ ఆఖరుకి కాయ అయిపోయింది గాని పని మొదలుకాలేదు. పై కొమ్మల్లో కాకి గూడు, అందులో మూడు పిల్లలు. అవి ఎగిరేదాకా పన్నెండు రోజులు ఆగాం. ఈలోపు నేను మనిషి కోసం వెతికాను. దారిన పోయేవాళ్ళని మళ్ళీ పిలవదలుచుకోలేదు. మా గ్యాంగులో ఒక ఖలాసీ ఉండేవాడు. చెట్టెక్కడం చూసి అందరం అతన్ని ఉడత అనేవాళ్ళం. అతనూ నా వెనకే రిటైరయ్యాడు. ఫోన్ చేస్తే, "మీ ఇంట్లో బ్లాకా సార్? వస్తా" అన్నాడు.

వచ్చిన రోజు గురువారం. శుక్రవారం పూట చెట్టు మీద కత్తి పెట్టొద్దని అమ్మ ముందే చెప్పింది. సర్వీసు వైరు చెట్టు పక్కనుంచే ఇంట్లోకి వస్తుంది. లైన్‌మన్ వచ్చి స్తంభం దగ్గర ఫ్యూజు పీకాడు. పీకాక కూడా నేను టెస్టర్‌తో చూసుకుని గాని ఒప్పుకోలేదు. ఒక కాగితం మీద "ఉదయం 7 నుంచి 11 వరకు ఫ్యాన్లు, మిక్సీ బంద్" అని రాసి మా ఆవిడ చేత సంతకం పెట్టించుకున్నాను. ఉడత తెచ్చిన అల్యూమినియం నిచ్చెన గేటు దగ్గరే ఆపేశాను. కరెంటు తీగ దరిదాపుల్లో దాన్ని లేపనివ్వను, ఫ్యూజు తీసినా సరే. వెదురు నిచ్చెన దొరికింది.

ఇక కోత. ఒక పెద్ద కొమ్మని చీల్చకుండా ఎలా దించాలో ముప్పై నాలుగేళ్ళు ఆ పనిలో ఉన్న నేను అరవై ఒకటో ఏట నేర్చుకున్నాను. కాస్త వివరంగా చెప్తాను, ఎవరికైనా పనికొస్తుంది.

కొమ్మ చివరి వైపు ముందు మోకు కట్టి, ఆ మోకుని పైన ఇంకో గట్టి కొమ్మ మీదుగా వేసి, కింద ఇద్దరు పట్టుకుంటారు. మొదటి కోత కింద నుంచి పైకి, మొద్దుకి అడుగున్నర దూరంలో, మందంలో మూడో వంతు దాకా. ఇంకా లోతుకి పోతే బరువుకి రంపం పట్టేస్తుంది. రెండో కోత దానికి రెండంగుళాలు ఇవతల, చివరి వైపు, పైనుంచి కిందికి. ఈ రెండోది సగం దాటాక కొమ్మ మూలుగుతుంది. ఆ మూలుగు వినగానే ఉడత పక్కకి జరిగాడు. ఫట్‌మని విరిగి, మొదటి కోత దగ్గరికి వచ్చి ఆగిపోయింది. బెరడు చీలిక అక్కడ దాటలేదు. మోకు మీద ఊగుతూ మెల్లగా నేలకి దిగింది. మిగిలిన అడుగున్నర మొండెం ఇక బరువు లేనిది. మూడో కోత దాన్ని తీసేయడానికి.

ఈ మూడోది ఎక్కడ వేయాలన్నదే అసలు సంగతి. కొమ్మ మొద్దులో కలిసే చోట కాస్త ఉబ్బుగా, మెడ చుట్టూ మడతల్లా ఉంటుంది. వేలితో తడిమితే తెలుస్తుంది. ఆ ఉబ్బుని కోయకూడదు, దానికి బయట మొండెం కూడా మిగలకూడదు. దాన్ని ఆనుకుని బయటి వైపు కోయాలి. గాయం చుట్టూ కొత్త బెరడు పెరిగి లోపలికి మూసుకొచ్చేది ఆ ఉబ్బులోంచే. మొద్దుకి సమంగా నున్నగా కోస్తే చూడటానికి బాగుంటుంది గాని చెట్టుకి పెద్ద పుండు. మొండెం వదిలేస్తే అది ఎండి కుళ్ళి లోపలికి నీళ్ళు దింపుతుంది. రైల్వేలో మేం వదిలిందంతా మొండేలే.

ఉడత రంపం దించి, "ఇన్నాళ్ళూ ఇలాగే కొట్టుంటే సార్, సగం చెట్లు బతికుండేవి" అన్నాడు. నేను వినబడనట్టు మోకు చుట్టుకున్నాను.

నడిమి కొమ్మ పడ్డాక ఏం జరిగిందంటే, పెరట్లో వెలుగు మారింది. అమ్మ కుర్చీలోంచి ముందుకి వంగి, "ఒరే, తులసికోట మీద ఎండ పడిందిరా" అంది. నాకు గుర్తున్నంతలో ఆ కోట మీద పొద్దుటి ఎండ పడటం అదే మొదలు. తులసి ఎందుకు బక్కగా ఉంటుందో కూడా అప్పుడే అర్థమైంది. మేం ఇన్నేళ్ళూ భక్తి తక్కువైందనుకున్నాం.

1/2 మీద బదనిక దొరికింది. కిందినుంచి చూస్తే మామిడి ఆకులాగే కలిసిపోయింది. దగ్గరికి వెళ్తే ఆకు మందం, కొస మొద్దుగా, మధ్యలో గొట్టాల్లాంటి చిన్న పూలు. బంకగా ఉండే దాని గింజని చిన్న పిట్టలు తిని, వేరే కొమ్మ మీద రెట్టతో అంటిస్తాయి. మొలిచి, వేరుని నేలలోకి కాదు, నేరుగా కొమ్మలోకి దింపుతుంది. అంటుకున్న చోట కొమ్మ కణితిలా ఉబ్బి ఉంది. ఉడత బదనికని చేత్తో పీకేయబోయాడు. అలా చేస్తే మళ్ళీ వస్తుంది, లోపలిది అలాగే ఉంటుంది. కణితికి అడుగు కిందకి, మామిడి కొమ్మనే కోయించాను. కోసిన ముక్కని నిలువునా చీల్చి చూస్తే, మామిడి చెక్కలోకి బదనిక చెక్క మేకుల్లా దిగి ఉంది. రెండు రంగుల చెక్క. మా ఆవిడ దాన్ని చూసి ఎవరో బంధువు పేరు చెప్పింది. ఇక్కడ రాయను.

పదకొండు అయ్యేసరికి మూడూ అయిపోయాయి. ఆకు తోరణాలకి వీధంతా పట్టుకెళ్ళారు. సన్న పుల్లలు గుడి పూజారిగారు హోమానికి సమిధలని అడిగి కట్ట కట్టించుకున్నారు. దుంగలు ఉడత ఆటోలో వేయించుకున్నాడు. సొన తగిలి నా ముంజేయి రెండు రోజులు మండింది.

గాయాలకి తెగులు పట్టకుండా బోర్డో పేస్టు. రెడీమేడ్‌గా కాపర్ ఆక్సీక్లోరైడ్ పొడి దొరుకుతుంది, నీళ్ళలో ముద్దలా కలిపి రాసుకోవచ్చు. నేను పాత పద్ధతిలోనే చేద్దామనుకున్నాను. ఎరువుల కొట్లో మైలుతుత్తం, అదే కాపర్ సల్ఫేట్, 100 గ్రాములు తెచ్చాను. అరలీటరు నీళ్ళలో, ప్లాస్టిక్ బకెట్‌లో రాత్రి నానబెట్టాను. ఇనప బకెట్ వాడితే బకెట్‌కే తూట్లు పడతాయి. ఇంకో బకెట్‌లో 100 గ్రాముల సున్నం, అరలీటరు నీళ్ళు. పొద్దున్నే రెండూ మూడో బకెట్‌లోకి కలిపి పోస్తూ కర్రతో తిప్పుతుంటే ఒక్కసారిగా ఆకాశం రంగులోకి తిరిగింది. అది సరిగ్గా కుదిరిందో లేదో చూడటానికి పాత కూరగాయల కత్తి నిమిషం ముంచాలి. ఇనుము మీద ఎర్రగా రాగి పూత పట్టిందంటే సున్నం చాలలేదని. మొదటిసారి కత్తి మొన ఎర్రబడింది. ఇంకో గుప్పెడు సున్నం వేశాను. రెండోసారి శుభ్రంగా వచ్చింది. ఆ కత్తిని మా ఆవిడ మళ్ళీ వంటింట్లోకి రానివ్వలేదు.

బ్రష్షుతో రాస్తుంటే అమ్మకి కథ చెప్పాను. ఫ్రాన్స్‌లో బోర్డో అనే ఊరి దగ్గర ద్రాక్ష తోటలవాళ్ళు, దారిన పోయేవాళ్ళు పళ్ళు కోసుకోకుండా ఉండాలని, రోడ్డు పక్క తీగలకి మైలుతుత్తం, సున్నం కలిపి చల్లేవారట. మిగతా తోటకి తెగులు వచ్చింది గాని రోడ్డు పక్కవాటికి రాలేదు. మిల్లార్డే అనే ప్రొఫెసర్ అది గమనించి 1885లో లోకానికి చెప్పాడు. అమ్మ అంతా విని, "అయితే దొంగలకి కూడా పనికొస్తుందన్నమాట. గోడ పక్క కొమ్మలక్కూడా రాయి" అంది.

ఎండ తగలని కొమ్మలకి ఒక్కసారిగా ఎండ తగిలితే బెరడు మాడి పగులుతుంది. అందుకని బయటపడ్డ మొద్దుకి, పెద్ద కొమ్మల పైభాగానికి పల్చగా సున్నం కొట్టాను. చూడటానికి ఏదో గవర్నమెంటు ఆఫీసు చెట్టులా ఉంది.

ఆగస్టు మూడోవారం కోసిన చోట్ల చిగుర్లు. ఒక్కో చోట పది, పదిహేను. రాగి రంగులో, లేత వక్కపొడి సంచి గుడ్డలా మెత్తగా వేలాడుతూ. అన్నీ ఉంచితే మళ్ళీ పొదే. బయటికి చూసేవి, ఒకదానికొకటి ఎడంగా ఉన్నవి మూడో నాలుగో ఉంచి మిగతావి గిల్లేయాలి. గిల్లడానికి నాకు చేతులు రాలేదు, నిజం చెప్తున్నాను. ముప్పై నాలుగేళ్ళు కొమ్మలు నరికించినవాణ్ణి, లేత చిగురు ముందు తటపటాయించాను. రెండు వారాలు వాయిదా వేశాక మా ఆవిడే మేడ మీదినుంచి గోంగూర గిల్లినట్టు గిల్లేసింది.

అంతలో ఒక ఉదయం పెరడంతా లేత ఆకు ముక్కలు. ప్రతి ఆకూ తొడిమ దగ్గర కొంచెం వదిలి, కత్తెరతో తీసినట్టు నున్నగా తెగి పడి ఉంది. చెట్టు మీద మిగిలింది తొడిమలే. అమ్మ చూసి, "టైలర్ కొట్టు ఊడ్చినట్టుంది" అంది. పిల్లలెవరో తుంచారనుకున్నాను. ఒక ముక్క ఎత్తి కళ్ళద్దాలు పెట్టుకుని చూస్తే నడిమి ఈనె పక్కన సన్నటి గాట్లు. ఇది ఆకు కత్తిరించే పెంకు పురుగు పని. ముందు ఆ ఈనెలో గుడ్లు పెట్టి, తర్వాత ఆకుని తొడిమ దగ్గర కోసి నేల మీద పడేస్తుంది. పిల్లలు రాలిన ఆకులో పెరిగి మట్టిలోకి దిగుతాయి. కాబట్టి మందు కన్నా ముందు చీపురు. రోజూ పొద్దున్నే ముక్కలన్నీ ఊడ్చి కాల్చేశాం. మూడు వారాల తర్వాత రెండో విడత చిగురు నిలిచింది. మందు కొట్టాల్సిన అవసరం రాలేదు. చెట్టు ఒకటే కాబట్టి సరిపోయింది. నూజివీడు వైపు ఎకరాల తోటలవాళ్ళకి ఈ చీపురు వైద్యం చెప్తే నవ్వుతారు.

ఇప్పుడు జనవరి. సంక్రాంతి వెళ్ళి వారం అయింది. 2, 3 నంబర్ల కొమ్మలు పూతతో తెల్లగా ఉన్నాయి. 1 నంబర్ల మీద పూత లేదు, ముదురుపచ్చ ఆకులే. ఉండదని ముందే తెలుసు. అయినా రోజూ పొద్దున్నే వెళ్ళి అటువైపే చూస్తున్నాను. లోపల, ఎండిన ఊచలు తప్ప ఏమీ లేని చోట, మొద్దు మీద నేరుగా నాలుగు చోట్ల పిలకలు లేచాయి. చేతికందే ఎత్తులో. ఈసారి ఆకుల మీద మసి దాదాపు లేదు. వాచ్‌మన్ కూడా ఇటు రావడం మానేశాడు. వాళ్ళ కార్ల మీద ఇప్పుడు పక్కవాళ్ళ కానుగ రాలుతోందట.

అమ్మాయి మొన్న మళ్ళీ ఫోన్ చేసింది. వాళ్ళ చెట్టుకి ఈ చలికాలం రెండో విడత కోత. "నాన్నా, రెండో బ్యాచ్‌కి నీ నంబర్లు పంపు, మా చెట్టుకి కూడా వేసుకుంటాం" అంది. ఫోటో తీద్దామని పెరట్లోకి వెళ్ళాను. 2/1 ఉంది, 2/2 ఉంది. ఉయ్యాల కొమ్మ మీద రంగు లేదు. దగ్గరికి వెళ్ళి చూస్తే, పెయింటు ఉన్నంత మేరా బెరడు గీసి ఉంది. కింద కొబ్బరి పీచు ముక్క పడి ఉంది, ఎర్రగా.

వరండాలో అమ్మ అటు తిరిగి పేపరు చదువుతోంది. కళ్ళజోడు లేకుండా.

ఉడతకి ఫోన్ చేసి, జూలైలో వచ్చేటప్పుడు ఒక గట్టి సరుగుడు బాద తెమ్మన్నాను, కొమ్మకి ఊతం పెట్టడానికి. "2/3కేనా సార్?" అన్నాడు. ఆ నంబరు ఇప్పుడు లేదని చెప్పాను.